సైలెన్సర్ పైపు వరస తప్పితే...

కారు కింద సైలెన్సర్ పైపు జాయింటు దగ్గర లీకవుతుంటే మనవాళ్ళు మొదట చేసే పని మ్యూజిక్ సిస్టమ్ సౌండు కాస్త పెంచడం :) మరీ భరించలేకపోతే అప్పుడు షెడ్డుకి తీసుకెళ్తారు. అక్కడ కొత్త ప్యాకింగ్ వేసి, బోల్టులు గట్టిగా బిగించి పంపించేస్తారు. నెల తిరక్కుండానే మళ్ళీ అదే టపటపా. ఎందుకంటే చాలాసార్లు తప్పు ప్యాకింగ్‌దీ కాదు, బోల్టుదీ కాదు. కలవాల్సిన రెండు గొట్టాలు ఒక వరసలో లేవు. వంకరగా ఉన్నవాటిని బోల్టుతో బలవంతంగా దగ్గరకి లాగితే అవి కొన్నాళ్ళు ఊరుకుంటాయి, తర్వాత మళ్ళీ విడిపోతాయి.

చూడ్డానికి చాలా చిన్న రిపేరు. కానీ ఆ జాయింటులో సన్నటి సందు ఉంటే ఏమవుతుంది అన్న ప్రశ్నకి జవాబు 1900లో ఒకటి, 1927లో ఒకటి, 1976లో ఇంకొకటి. గొట్టం అదే, సందు అదే, దాని అర్థం మాత్రం మారుతూ వచ్చింది. రోజంతా కోడు రాసుకునే నాలాంటివాడికి ఈ గొట్టం మీద ఆసక్తి ఎందుకంటే, దాని కథ చివరికి మన వీధిలోకే వచ్చి ఆగింది. అదెలాగో చెప్తాను.

మొదట్లో గొడవంతా చప్పుడు గురించే. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ అనే ఊళ్ళో మిల్టన్ రీవ్స్ అనే ఆయన 1896లో ఒక మోటారు బండి తయారుచేశాడు. దాని చప్పుడుకి జనమూ, గుర్రాలూ బెదిరిపోయే పరిస్థితి. దాంతో ఆయనా, అన్నా కలిసి పొగగొట్టానికి చప్పుడు తగ్గించే డబ్బా ఒకటి తగిలించి 1897లో పేటెంటు తీసుకున్నారు. మనం సైలెన్సర్ అని పిలిచే వస్తువుకి మూలపురుషుల్లో ఒకటి అదే. (ఈ రీవ్స్‌గారే 1911లో ఎనిమిది చక్రాల కారు కూడా చేశాడు. ఎవరూ కొనలేదు పాపం.)

ఆ రోజుల్లో డ్రైవర్లకి ఈ డబ్బా అంటే పెద్ద ఇష్టం ఉండేది కాదు. పొగకి అడ్డం పడి ఇంజిన్ బలాన్ని తినేస్తుందని నమ్మేవాళ్ళు. అందులో కొంత నిజం కూడా ఉంది. అందుకని చాలా కార్లలో కటవుట్ అని ఒక మీట ఉండేది. కాలితో నొక్కితే పొగ డబ్బాలోకి పోకుండా ముందే బయటికి వచ్చేసేది. అంటే కావాలని పెట్టుకున్న లీకన్నమాట! ఎత్తు ఎక్కేటప్పుడు దాన్ని తెరవడం, ఊళ్ళోకి రాగానే మూసెయ్యడం. మూసెయ్యని మహానుభావుల మీద విసిగిపోయి చాలా నగరాలు ఆ కటవుట్‌ని నిషేధించాయి. అప్పటికి లీకు అంటే ఇరుగుపొరుగు వాళ్ళ నిద్ర చెడగొట్టడం. అంతకుమించి ఏమీ కాదు.

ఆ పొగ మనిషిని చంపుతుందని శాస్త్రజ్ఞులకి తెలియక కాదు. బ్రిటన్‌లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే ఆయన బొగ్గుగనుల పేలుళ్ళలో చనిపోయినవాళ్ళ మీద పరిశోధన చేసి 1896లోనే తేల్చాడు. చాలామంది చచ్చిపోయింది పేలుడు వల్ల కాదు, తర్వాత పీల్చిన కార్బన్ మోనాక్సైడ్ వల్ల. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దాన్ని రెండు వందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్నాక తొందరగా వదలదు. మనిషికి తలనొప్పి వస్తుంది, మత్తుగా ఉంటుంది, అలాగే నిద్రలోకి జారిపోతాడు.

గనుల్లోని ఈ లెక్క రోడ్డు మీదకి వచ్చింది ఒక సొరంగం వల్ల. న్యూజెర్సీలో ఉండి మాన్‌హాటన్‌లో పనిచేసే మనవాళ్ళకి హాలండ్ టన్నెల్ గురించి చెప్పక్కర్లేదు. హడ్సన్ నది కింద ఆ సొరంగం తవ్వుదామనుకున్నప్పుడు ఇంజినీర్లని భయపెట్టింది నది కాదు, కార్ల పొగ. వేల కార్లు వరసగా పోతుంటే లోపలి మనుషులు బతికి బయటపడాలంటే గాలి ఎంత కావాలి? దీని కోసం యేల్ విశ్వవిద్యాలయంలో యాండెల్ హెండర్సన్ బృందం మనుషుల్ని మూసిన గదిలో కూర్చోబెట్టి కొలతలు తీసింది. పదివేల పాళ్ళ గాలిలో నాలుగు పాళ్ళ కార్బన్ మోనాక్సైడ్ ఉంటే ఓ గంటసేపు తట్టుకోవచ్చని లెక్క తేల్చింది. ఆ లెక్కని పట్టుకుని ఓల్ సింగ్‌స్టాడ్ అనే ఇంజినీరు గాలి పంపే పద్ధతి రూపొందించాడు. 84 ఫ్యాన్లు, సొరంగంలో గాలి మొత్తం 90 సెకన్లకోసారి మారిపోయే ఏర్పాటు. 1927 నవంబర్‌లో తెరిచారు. సొరంగానికి పేరిచ్చిన క్లిఫర్డ్ హాలండ్ మాత్రం అది పూర్తికాకుండానే 1924లో చనిపోయాడు.

అంత పెద్ద సొరంగానికి అంత లెక్క వేశారు. మరి మన కారు? తలుపులు, అద్దాలు బిగించుకున్న కారు కూడా చిన్న సొరంగమే, ఫ్యాన్లు లేని సొరంగం. ఇంజిన్‌కీ డబ్బాకీ మధ్య జాయింటు లీకైతే పొగ వెనక నుంచి కాకుండా మన కాళ్ళ కింద నుంచి బయటికి వస్తుంది. నేలరేకులో తుప్పు చిల్లు ఒకటున్నా, వైరు పోయే రంధ్రానికి రబ్బరు ఊడిపోయినా అది లోపలికి వచ్చే వీలుంది. ఏసీ వేసుకుని ఇంజిన్ నడుస్తుండగా కారులో నిద్రపోవడం, మూసిన గ్యారేజీలో ఇంజిన్ వేడెక్కించడం, మంచులో కూరుకుపోయిన కారులో పొగగొట్టం చుట్టూ మంచు తియ్యకుండా హీటర్ వేసుకు కూర్చోవడం... ఇవన్నీ ప్రాణాలు తీసిన పనులు. అమెరికా వెళ్ళిన మొదటి ఏడు పాత కారు కొనుక్కునే కుర్రాళ్ళకి ఎవరో ఒకరు ఈ మూడో సంగతి చెప్పాలి. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇంజిన్ ఆయిలు చూసే మనం, ఒక్కసారి కిందకి వంగి పొగగొట్టం జాయింట్లు కూడా చూస్తే పోయేదేం లేదు.

సరే, తర్వాతి మలుపు లాస్ ఏంజెలెస్‌లో. 1943 జూలై 26న ఆ నగరం మీద కళ్ళు మండే పొగ కమ్మింది. యుద్ధ కాలం కాబట్టి శత్రువులు విషవాయువు వదిలారేమో అని కూడా కొందరు భయపడ్డారు. ఆ పొగ ఎక్కడి నుంచి వస్తోందో 1950ల మొదట్లో పట్టుకున్నది ఆరీ హాగెన్-స్మిట్. కాల్‌టెక్‌లో అనాసపండు వాసన మీద పరిశోధన చేసుకుంటున్న రసాయన శాస్త్రజ్ఞుడాయన. కార్ల నుంచి, రిఫైనరీల నుంచి వచ్చే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్ తయారుచేస్తున్నాయని చూపించాడు. అంటే కారు పొగ సొరంగంలోనే కాదు, ఆకాశం కింద కూడా ప్రమాదమే.

దానికి మందు కనిపెట్టబోయినవాడు ఫ్రాన్స్ నుంచి వచ్చిన యూజీన్ హూడ్రీ. పెట్రోలు శుద్ధిలో ఉత్ప్రేరకాలు వాడి అప్పటికే పేరు తెచ్చుకున్నాడు. అదే విద్యని పొగగొట్టంలో పెట్టి విషవాయువుల్ని మార్చేద్దామని 1950లలో ఒక పరికరం చేశాడు, 1956లో పేటెంటు వచ్చింది. గోదాముల్లో తిరిగే ఫోర్క్‌లిఫ్టులకి పనికొచ్చింది. కార్లకి మాత్రం పనికిరాలేదు. కారణం పెట్రోల్లోని సీసం. ఇంజిన్ కొట్టుకోకుండా ఉండాలని 1921లో జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్జ్‌లీ కనిపెట్టిన సీసం మందు, 1923 నుంచి పెట్రోల్లో కలుస్తూనే ఉంది. అది ఉత్ప్రేరకం మీద పూతలా పట్టేసి దాన్ని చంపేస్తుంది. హూడ్రీ 1962లో చనిపోయాడు. తన పరికరం కార్లలోకి రావడం చూడలేదు.

అమెరికా 1970లో గాలి చట్టం తెచ్చింది. కార్ల పొగలో విషాలు 90 శాతం తగ్గాలంది. 1974 జూలై నుంచి పెట్రోలు బంకుల్లో సీసం లేని పెట్రోలు దొరకాలంది. 1975 మోడళ్ళతో క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చేసింది. ఇక పొగగొట్టం ఉత్త గొట్టం కాదు, కారు కింద వేలాడే ఒక చిన్న రసాయన కర్మాగారం.

కానీ ఆ కన్వర్టర్ సగం పనే చేసేది. కార్బన్ మోనాక్సైడ్‌ని, కాలని హైడ్రోకార్బన్లని తగ్గించాలంటే వాటికి ఆక్సిజన్ కలపాలి. నైట్రోజన్ ఆక్సైడ్లని తగ్గించాలంటే వాటి నుంచి ఆక్సిజన్ తీసెయ్యాలి. ఒకే డబ్బాలో ఈ రెండూ జరగాలంటే ఎలా? ఎంగెల్‌హార్డ్ కంపెనీలో జాన్ మూనీ, కార్ల్ కీత్ ఉన్న బృందం 1973లో మూడింటికీ పనిచేసే ఉత్ప్రేరకం చేసింది. 2002లో వాళ్ళిద్దరికీ అమెరికా జాతీయ పతకం కూడా వచ్చింది. అయితే దానికో షరతుంది. ఇంజిన్‌లోకి పోయే గాలి, పెట్రోలు బరువులో 14.7కి 1 పాళ్ళకి చాలా దగ్గరగా ఉండాలి. కాస్త అటైనా ఇటైనా మూడింటిలో ఏదో ఒకటి తప్పించుకుంటుంది. కార్బురేటర్‌కి అంత ఖచ్చితత్వం ఎక్కడిది?

ఇక్కడే మన కథ. జర్మనీలోని బాష్ కంపెనీ జిర్కోనియా పింగాణీతో ఒక సెన్సర్ చేసింది. వోల్వో దాన్ని 1976లో కాలిఫోర్నియాకి పంపే కార్లలో, మూడు పనుల కన్వర్టర్‌తో కలిపి పెట్టింది. పొగలో ఆక్సిజన్ మిగిలితే ఈ సెన్సర్ 0.1 వోల్టు దగ్గర ఉంటుంది, మిగలకపోతే 0.9 దాకా వెళ్తుంది. కంప్యూటర్ ఆ వోల్టేజీ చూసి పెట్రోలు కొంచెం తగ్గిస్తుంది, మళ్ళీ కొంచెం పెంచుతుంది. ఇలా రోజంతా ఊగుతూనే ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ లూప్! పొగగొట్టం అప్పటిదాకా ఇంజిన్‌కి అవుట్‌పుట్. ఆ రోజు నుంచి అదే ఇన్‌పుట్ కూడా అయింది.

ఇప్పుడు అదే పాత సందు సంగతి చూడండి. సెన్సర్‌కి ముందు జాయింటు లీకైంది. పొగ బయటికి పోతుందని మాత్రమే అనుకుంటాం. కానీ పొగ గొట్టంలో ఒకే ధారగా పోదు, సిలిండర్ సిలిండర్‌కీ ఒక దెబ్బలా పోతుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య గొట్టంలో ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గే క్షణాలుంటాయి. ఆ క్షణంలో సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. సెన్సర్‌కి ఆక్సిజన్ కనపడుతుంది. "పెట్రోలు చాలట్లేదు" అని కంప్యూటర్‌కి చెప్తుంది. కంప్యూటర్ అమాయకంగా ఇంకాస్త పెట్రోలు పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, కన్వర్టర్‌లో కాలాల్సిన సరుకు పెరిగి అది వేడెక్కుతుంది, చివరికి చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే పి0171 అని కోడు. ఇంధనం పలచగా ఉందని దాని అర్థం. నిజానికి ఇంధనం ఎక్కువైంది! సెన్సర్ మంచిదే, ప్రోగ్రామూ మంచిదే. అబద్ధం చెప్పింది గొట్టం.

ఆ కోడు చూసి కొత్త సెన్సర్ కొనేవాళ్ళు కొందరు. కోడు చెరిపేసి లైటు ఆరింది కదా అని వెళ్ళిపోయేవాళ్ళు ఇంకొందరు. మన ఆఫీసుల్లో వార్నింగులు కనపడకుండా చేసి బిల్డు పచ్చగా ఉందనుకునేవాళ్ళని చూశాను కాబట్టి వీళ్ళని చూస్తే నాకేం ఆశ్చర్యం లేదు :)

ఇంతకీ గొట్టాలు వరస ఎందుకు తప్పుతాయి? పొగగొట్టం ఒక కొస ఇంజిన్‌కి బిగించి ఉంటుంది, మిగతాదంతా బాడీకి రబ్బరు హ్యాంగర్ల మీద వేలాడుతుంది. ఇంజిన్ తన మౌంట్ల మీద ఊగుతుంది, బాడీ ఊగదు. పైగా వేడి. రెండున్నర మీటర్ల ఉక్కు గొట్టం సగటున 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు 9 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లారితే మళ్ళీ ముడుచుకుంటుంది. రోజుకి రెండుమూడుసార్లు ఈ తంతు. అంబాసిడర్‌లా ఇంజిన్ నిలువుగా ఉండే బండ్లలో అది పక్కలకి ఊగుతుంది కాబట్టి గొట్టం కాస్త మెలితిరిగి ఊరుకుంటుంది. 1959లో అలెక్ ఇస్సిగోనిస్ మినీ కారులో ఇంజిన్‌ని అడ్డంగా పెట్టాడు. అప్పుడు ఇంజిన్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, దానికి బిగించిన గొట్టాన్ని గునపంలా లాగి తోస్తుంది. మినీలో ఇంజిన్‌ని పట్టి ఉంచే కడ్డీ రబ్బర్లు అరిగితే పొగగొట్టం జాయింటు విడిపోవడం, విరగడం అందరికీ తెలిసిన జబ్బు. 1983 డిసెంబర్‌లో వచ్చిన మారుతి 800తో మొదలుపెట్టి మన రోడ్ల మీద చిన్న కార్లు దాదాపు అన్నీ ఈ అడ్డ ఇంజిన్లవే. అందుకే గొట్టం మధ్యలో అల్లిక తొడిగిన వంగే ముక్కో, స్ప్రింగు బోల్టులతో గుండ్రటి ప్యాకింగో పెడతారు.

కాబట్టి రిపేరు కూడా ఈ కారణాన్ని బట్టే చెయ్యాలి. లీకు ఎక్కడో ముందు పట్టుకోవాలి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వింటే టిక్ టిక్‌మని వినపడుతుంది, జాయింటు చుట్టూ మసి గీత కనపడుతుంది. ఇంజిన్ ఆపి, వెనక గొట్టంలోంచి గాలి ఊది, జాయింట్ల మీద సబ్బునీళ్ళు పోస్తే బుడగలు చెప్పేస్తాయి. తర్వాత ప్యాకింగ్ జోలికి వెళ్ళకముందు ఇంజిన్ మౌంట్లు, హ్యాంగర్ రబ్బర్లు చూడాలి. అవి కుంగిపోయి ఉంటే ఎన్ని ప్యాకింగులు మార్చినా దండగే. అవి బాగుచేశాక లీకైన ఒక్క జాయింటే కాదు, ముందు నుంచి వెనక దాకా అన్ని బోల్టులూ, క్లాంపులూ వదులు చెయ్యాలి. అప్పుడు గొట్టం మొత్తం తన బరువుకి తను వేలాడి సహజంగా ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబడుతుంది. ఫ్లాంజి మొహాలు రెండూ శుభ్రం చేసి, కొత్త ప్యాకింగ్ పెట్టి, అన్ని బోల్టులూ ముందు చేత్తో మాత్రమే తిప్పాలి. బోల్టు ఎక్కించడానికి గడ్డపార అవసరమైందంటే వరస ఇంకా కుదరలేదని అర్థం. గొట్టం బాడీకి ఎక్కడా తగలకుండా, హ్యాంగర్లు ఒక పక్కకి లాక్కుపోకుండా ఉన్నాయని చూసుకుని, ఇంజిన్ వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి బిగించుకుంటూ రావాలి. ఫ్లాంజి బోల్టులు ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి పోకుండా మార్చి మార్చి కొంచెం కొంచెం తిప్పాలి. ఒకసారి వేడెక్కించి, చల్లారాక మళ్ళీ చూసుకోవాలి. గొట్టమే వంగిపోయి ఉంటే కోసి, కొత్త ముక్కని కారు మీదే వరస చూసి టాకాలు వేసి, తర్వాత పూర్తిగా వెల్డింగ్ చెయ్యాలి (బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి). పని తెలిసిన మెకానిక్ దగ్గర ఇది పూటలో అయిపోయే వ్యవహారం. బోల్టు బిగించి పంపడం పది నిమిషాల పని కాబట్టి మనం అడక్కపోతే జరిగేది అదే.

మన దేశానికి ఈ కథంతా ఆలస్యంగా వచ్చింది. 1995 ఏప్రిల్ 1 నుంచి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నైలలో కొత్త కార్లకి కన్వర్టర్ తప్పనిసరి చేశారు, వాటి కోసం సీసం లేని పెట్రోలు పెట్టారు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం పోయింది. హైదరాబాదు 2005లో భారత్ స్టేజ్-3 నగరాల జాబితాలో, 2010లో స్టేజ్-4 జాబితాలో ఉంది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా స్టేజ్-6. ప్రపంచంలో ఆఖరుగా సీసం పెట్రోలు ఆపిన దేశం అల్జీరియా, 2021 జూలైలో. మిడ్జ్‌లీ కనిపెట్టిన వందేళ్ళకి!

చట్టాలు వచ్చాయి, సెన్సర్లు వచ్చాయి. కానీ పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం బంకు పక్క వ్యానులో గొట్టం చివర పుల్ల పెట్టి కొలిచేటప్పుడు, మధ్యలో లీకున్న బండిలో బయటి గాలి కలిసి విషాల శాతం తక్కువగా కనపడొచ్చు. చెడిపోయిన బండికి మంచి మార్కులన్నమాట. కొలిచే యంత్రం కంటే ముందు గొట్టం సరిగ్గా ఉండాలి.

ఆఖరుగా, గొట్టం కాకుండా మనుషులే అబద్ధం చెప్పిన సంగతి. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం బృందం కొలిచే పరికరాన్ని కారు వెనక సామాను అరలో పెట్టి, దాని గొట్టాన్ని పొగగొట్టానికి తగిలించి, లాస్ ఏంజెలెస్, సియాటిల్‌ల మధ్య రోడ్డు మీదే కొలిచింది. ఆ జట్టులో అరవింద్ తిరువెంగడం, హేమంత్ కప్పన్న అనే మనదేశం వాళ్ళున్నారు. 2014లో వాళ్ళు బయటపెట్టిన అంకెల్ని పట్టుకుని తీగ లాగితే, 2015 సెప్టెంబర్ 18న అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వాగన్ మీద నోటీసిచ్చింది. స్టీరింగ్ కదలిక, వేగం, గాలి ఒత్తిడి లాంటివి చూసి "ఇప్పుడు పరీక్ష జరుగుతోంది" అని పసిగట్టే సాఫ్ట్‌వేర్ ఆ డీజిల్ కార్లలో ఉంది. పరీక్షలో బుద్ధిగా ఉండి, రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల దాకా వదిలింది. ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల కార్లు. జేమ్స్ లియాంగ్ అనే ఇంజినీరుకి 2017లో 40 నెలల జైలుశిక్ష పడింది.

రీవ్స్ సోదరుల కాలంలో లీకు చెవికి తెలిసేది. హెండర్సన్ కాలంలో తలనొప్పికి తెలిసేది. ఇప్పుడు లీకు మనకి తెలిసేది కంప్యూటర్ ద్వారా, ఆ కంప్యూటర్‌కి తెలిసేది గొట్టం ద్వారా. మధ్యలో కూర్చున్నది మనలాంటివాళ్ళు రాసిన కోడు. అందుకే లైటు వెలిగినప్పుడు దాన్ని ఆర్పడం ఎలాగా అని కాకుండా, అది ఎందుకు వెలిగిందో అడగడం మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ముందు రావాల్సిన ఆలోచన. ఈసారి కారు సర్వీసుకి ఇచ్చినప్పుడు లిఫ్ట్ మీదకి ఎక్కించాక ఒక్క నిమిషం కింద నిలబడి చూడండి. జాయింట్ల దగ్గర మసి ఉందా, హ్యాంగర్లు నిటారుగా ఉన్నాయా, రెండు గొట్టాలూ ఎదురెదురుగా చూసుకుంటున్నాయా. వరస తప్పి ఉంటే మాత్రం బోల్టు బిగించి సరిపెట్టొద్దని, అన్నీ వదులు చేసి మొదటి నుంచి కట్టమని అడగండి. మెకానిక్ కాస్త విసుక్కుంటాడు. ఫర్వాలేదు.